హార్డ్ డిస్క్ వైఫల్యం: సర్వర్ నిర్మాణంలో నిర్ధారణ, నివారణ – బోనకల్ ప్రాంత పరిస్థితులు

కొత్తగా సర్వర్ కట్టేటప్పుడు డిస్క్ అసలు కనిపించకపోవడం, కనిపించి కాసేపటికి మాయం కావడం, ఆపరేటింగ్ సిస్టం ఎక్కుతుండగా మధ్యలో ఆగిపోవడం, రాసింది ఒకటైతే చదివినప్పుడు మరొకటి రావడం – వీటన్నిటినీ కలిపి హార్డ్ డిస్క్ వైఫల్యం అంటారు. డిస్క్ చెడిపోవడం ఇందుకు ఒక కారణం మాత్రమే. కరెంటు చాలకపోయినా, కేబుల్ వదులైనా, బయోస్‌లో పోర్ట్ ఆగిపోయినా, ర్యామ్ తప్పు చేసినా పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. అందుకే బాగున్న డిస్కులు చెడినవిగా ముద్రపడి తిరిగి వెళ్తుంటాయి, చెడినవి బాగున్నాయనుకుని సర్వర్‌లో ఉండిపోతుంటాయి. డిస్క్‌ను తప్పుపట్టే ముందు దానికి వెళ్లే దారంతా చూడడం, డిస్క్‌ను నమ్మే ముందు దాన్ని పూర్తిగా పరీక్షించడం ఈ విషయంలో రెండు మూల సూత్రాలు.

బోనకల్ సందర్భం

బోనకల్ ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఖమ్మం, మధిర స్టేషన్ల మధ్య ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయినప్పుడు ఈ మండలం ఖమ్మంలోనే ఉండిపోయింది. పత్తి, మిర్చి, వరి పండే ఈ మైదాన ప్రాంతానికీ, భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్లకూ నేల తీరు వేరైనా వేసవి ఎండ మాత్రం ఉమ్మడి. ఈ జిల్లాల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు కొత్త కాదు.

ఇలాంటి మండల కేంద్రాల్లో సర్వర్ అంటే అద్దాల గదిలో బారులు తీరిన యంత్రాలు కాదు. పెళ్లి వీడియోలు దాచే ఫొటో స్టూడియోలో నాలుగు డిస్కుల పెట్టె, కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల లెక్కలు రాసే కంప్యూటర్, జిన్నింగ్ మిల్లులో సీసీ కెమెరాల రికార్డర్, బడిలో పాఠాల వీడియోలు అందించే పాత డెస్క్‌టాప్ – ఇవే ఇక్కడి సర్వర్లు. పెద్ద డేటా సెంటర్లో డిస్క్ పోతే అలమరలో ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ ఉన్నదే ఒకటి. మారుద్దామంటే ఖమ్మమో విజయవాడో వెళ్లాలి, సర్వర్‌కు తగ్గ రకం కావాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెతకాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఎదురుచూడాలి. కాబట్టి తప్పు నిర్ధారణకు ఇక్కడ చెల్లించే మూల్యం ఎక్కువ.

డిస్క్ నిర్మాణం, చరిత్ర

మొదటి హార్డ్ డిస్క్ యంత్రం ఐబీఎం 350ను 1956లో రామాక్ కంప్యూటర్‌తో పాటు విడుదల చేశారు. 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. చిన్న కంప్యూటర్లలో ఇమిడే 5.25 అంగుళాల డిస్క్‌ను 1980లో షుగార్ట్ టెక్నాలజీ తెచ్చింది. దాని సామర్థ్యం 5 మెగాబైట్లు. తర్వాతి కాలంలో ఆ సంస్థే సీగేట్ అయింది. 2013లో హెచ్‌జీఎస్‌టీ హీలియం నింపి సీలు చేసిన 6 టెరాబైట్ల డిస్క్‌ను అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు 20 టెరాబైట్లు దాటినవి మార్కెట్లో దొరుకుతున్నాయి.

డిస్క్ లోపల అయస్కాంత పూత పూసిన పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరుగుతుంటాయి. వాటికి కొన్ని నానోమీటర్ల ఎత్తున, తాకకుండా, హెడ్లు కదులుతూ చదువుతాయి, రాస్తాయి. కింద పచ్చటి బోర్డు మోటారును, హెడ్లను నడుపుతుంది. ఆ బోర్డు మీది చిన్న చిప్‌లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే సర్దుబాటు వివరాలు ఉంటాయి. అదే మోడల్ మరో డిస్క్ బోర్డు తెచ్చి బిగిస్తే పని చేయకపోవడానికి కారణం ఇదే.

వైఫల్య లక్షణాలు

కొత్త సర్వర్‌లో కనిపించే లక్షణాలను మూడు వర్గాలుగా చూడవచ్చు. మొదటిది, డిస్క్ తిరగకపోవడం. స్విచ్ వేసినా చేతికి కదలిక తెలియదు, చప్పుడు రాదు. రెండోది, తిరుగుతున్నా బయోస్‌కు గానీ ఆపరేటింగ్ సిస్టంకు గానీ కనిపించకపోవడం. మూడోది, కనిపించి పని మొదలుపెట్టాక తడబడడం. కాపీ వేగం ఒక్కసారిగా పడిపోతుంది, సిస్టం గడ్డకట్టినట్టు ఆగుతుంది, కొన్ని డిస్కులను ఒకటిగా కలిపిన రెయిడ్ సమూహం నుంచి డిస్క్ బయటికి పోతుంది.

చప్పుళ్లలో కూడా తేడా ఉంది. క్రమం తప్పకుండా టక్, టక్ మంటూ కొట్టుకుని ఆగిపోతే హెడ్లు తమ చోటు పట్టుకోలేకపోతున్నాయని అర్థం. కరెంటు చాలకపోయినా ఇలాంటి చప్పుడు రావచ్చు గనక, ముందు వేరే పవర్ సప్లైతో ఒక్కసారి చూసి తీరాలి. గీస్తున్నట్టు శబ్దం వస్తే మాత్రం వెంటనే స్విచ్ ఆపాలి. పళ్లెం మీద పూత లేచిపోతూ ఉంటే తిప్పిన ప్రతి క్షణం డేటా పోతుంది.

నిర్ధారణ క్రమం

బోరు మోటారు నీళ్లు పోయకపోతే ఇక్కడి రైతు ముందు ఫేజులు సరిగ్గా వస్తున్నాయా అని చూస్తాడు, తర్వాత ఫ్యూజు, స్టార్టరు, కేబుల్ చూస్తాడు. ఇవన్నీ బాగున్నాయని తేలాకే మోటారును పైకి తీయిస్తాడు. డిస్క్ విషయంలోనూ క్రమం అదే: బయటి నుంచి లోపలికి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్ట్, పవర్ మూడూ ఒకేసారి మార్చితే సమస్య పోవచ్చు గానీ ఏది మారితే పోయిందో తెలియదు, చెడిన కేబుల్ మళ్లీ డబ్బాలోకి చేరి ఇంకో సర్వర్‌ను చెడగొడుతుంది.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: ఆ డిస్క్‌లో మరెక్కడా లేని డేటా ఉందా? ఉంటే పరీక్షలన్నీ పక్కన పెట్టి డేటాను కాపాడే పనే మొదలుపెట్టాలి. ఖాళీ కొత్త డిస్క్ అయితే నిశ్చింతగా కింది మెట్లు ఎక్కవచ్చు.

మొదటి మెట్టు, కరెంటు. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. వేగం అందుకున్నాక దాని ఖర్చు మామూలుగా 5 నుంచి 8 వాట్లే. ఎనిమిది డిస్కులు ఒకేసారి లేస్తే ఆ క్షణానికి 16 ఆంపియర్లు, అంటే 190 వాట్లకు పైగా కావాలి. డెస్క్‌టాప్‌తో వచ్చిన చవక పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) ఇక్కడే చేతులెత్తేస్తుంది. రెండు డిస్కులతో బాగా నడిచి, నాలుగోది తగిలించగానే అన్నీ తడబడితే అనుమానం డిస్కుల మీద కాదు, పవర్ సప్లై మీద పెట్టాలి. సర్వర్ కంట్రోలర్లలో డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి లేపే సదుపాయం ఉంటే వాడుకోవాలి. ఒకే పవర్ తీగ నుంచి స్ప్లిట్టర్లతో ఐదారు డిస్కులకు పంచడం మానాలి. అచ్చుపోసిన ప్లాస్టిక్ మోలెక్స్–సాటా అడాప్టర్లు లోపల షార్టయి కాలిన ఉదంతాలున్నాయి కాబట్టి వాటిని సర్వర్‌లో వాడకపోవడమే మేలు. మాడ్యులర్ పవర్ సప్లైల విషయంలో ఒక కంపెనీ తీగలు ఇంకో కంపెనీ యూనిట్‌కు తగిలించకూడదు. ప్లగ్గు సరిగ్గా పట్టినా లోపలి వరస వేరై, 5 వోల్టుల చోట 12 వోల్టులు వెళ్లి డిస్కులన్నీ ఒక్క దెబ్బకు పోవచ్చు.

ఇదే మెట్టులో ఎందరినో మోసగించే చిక్కు ఒకటుంది. సాటా పవర్ ప్లగ్గులో 15 పిన్నులుంటాయి. మొదటి మూడూ ఒకప్పుడు 3.3 వోల్టులవి. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం మూడో పిన్ను పని మార్చింది: దానికి కరెంటు అందితే డిస్క్ ఆగిపోవాలి. పెద్ద సర్వర్లలో దూరం నుంచే డిస్క్‌ను ఆపి మళ్లీ లేపడానికి పెట్టిన ఏర్పాటు అది. ఇలాంటి డిస్క్‌ను పాత పవర్ సప్లైకి తగిలిస్తే మూడో పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు వెళ్తూనే ఉంటాయి, డిస్క్ ఎప్పటికీ లేవదు. యూఎస్‌బీ పెట్టెలోంచి విప్పి తీసిన డిస్కుల్లో ఈ ఇబ్బంది తరచు కనిపిస్తుంది. డిస్క్ వైపు మూడో పిన్నును సన్నటి కాప్టన్ టేపు ముక్కతో కప్పితే చాలు, చచ్చిందనుకున్న డిస్క్ లేచి కూర్చుంటుంది. ఆ ముక్క పక్క పిన్నుల మీదికి జరగకుండా, ప్లగ్గు పెట్టేటప్పుడు మడత పడకుండా చూసుకోవాలి.

రెండో మెట్టు, డేటా కేబుల్, పోర్ట్. సాటా కేబుల్ చవక వస్తువు, అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. లాక్ లేని కేబుల్ ఫ్యాన్ అదురుకు మెల్లగా వదులవుతుంది. మలుపు దగ్గర గట్టిగా వంచిన కేబుల్‌లో సన్నటి తీగలు దెబ్బతింటాయి. లినక్స్‌లో డీమెసేజ్ ఆదేశం ఇచ్చి చూస్తే ఇలాంటప్పుడు 'హార్డ్ రీసెట్టింగ్ లింక్' అనే వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, లింకు వేగం 6 గిగాబిట్ల నుంచి 3కి, అక్కడి నుంచి 1.5కి దిగుతుంది. తెలిసిన మంచి కేబుల్ పెట్టి అదే పోర్ట్‌లో ఒకసారి, అదే కేబుల్‌తో వేరే పోర్ట్‌లో ఒకసారి చూడాలి. తప్పు డిస్క్‌తో పాటు కదిలితే డిస్క్‌ది, పోర్ట్ దగ్గరే ఉండిపోతే పోర్ట్‌ది.

మూడో మెట్టు, కంట్రోలర్, బయోస్. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఒకటి రెండు సాటా పోర్టులు తమంతట తామే ఆగిపోతాయి. రెండూ ఒకే దారిని పంచుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉండే ఆ పట్టిక చూడక డిస్క్‌ను వాపసు పంపినవారున్నారు. బయోస్‌లో మోడ్ ఏహెచ్‌సీఐకి బదులు రెయిడ్‌లో ఉంటే ఇన్‌స్టాలర్‌కు తగిన డ్రైవర్ ఇచ్చేదాకా డిస్క్ కనిపించకపోవచ్చు. ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్క్ మీద మామూలుగా 2 టెరాబైట్ల వరకే వాడుకోగలం, అంతకు మించితే జీపీటీ పద్ధతి కావాలి. 8 టెరాబైట్ల డిస్క్ 2 టెరాబైట్లుగా కనిపిస్తే డిస్క్ నకిలీదని కంగారు పడే ముందు ఇది సరిచూడాలి.

సెకండ్ హ్యాండ్ సర్వర్ డిస్కులకు మరో రెండు చిక్కులున్నాయి. సర్వర్ల కోసం చేసే సాస్ రకం డిస్క్ మామూలు సాటా పోర్ట్‌లో పని చేయదు, సాటా డిస్క్ మాత్రం సాస్ కంట్రోలర్ మీద నడుస్తుంది. పాత స్టోరేజీ యంత్రాల్లోంచి వచ్చిన సాస్ డిస్కుల్లో సెక్టార్ 512 బైట్లు కాక 520 బైట్లు ఉండవచ్చు. అప్పుడు కంట్రోలర్ గుర్తించినా ఆపరేటింగ్ సిస్టం వాడుకోలేదు. తక్కువ స్థాయి ఫార్మాట్‌తో 512కు మారిస్తే పనికొస్తాయి.

నాలుగో మెట్టు, ర్యామ్. డిస్క్ మీద ఫైళ్లు చెడిపోతున్నా, డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదిక శుభ్రంగా ఉంటే, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపాలి. ర్యామ్‌లో ఒక్క బిట్ తిరగబడినా అది డిస్క్ తప్పుగానే కనిపిస్తుంది.

ఈ నాలుగూ దాటాకే అయిదో మెట్టు, డిస్క్. దాన్ని వేరే కంప్యూటర్‌కు నేరుగా తగిలించి అక్కడా అదే తప్పు వస్తే నిర్ధారణ పూర్తయినట్టు.

ఈ క్రమం ఎందుకు అవసరమో చెప్పే ఆధారం ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ 2007లో దాదాపు లక్ష డిస్కుల వివరాలు పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. కంపెనీల కాగితాల లెక్కన ఏడాదికి ఒక శాతం లోపే పోవాల్సిన డిస్కులను వాడకందారులు చాలాచోట్ల 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా మార్చారని తేల్చారు. తమకు తిరిగొచ్చిన డిస్కుల్లో 43 శాతం పరీక్షలో బాగానే ఉన్నాయని ఒక తయారీ సంస్థ చెప్పిన సంగతినీ ప్రస్తావించారు. కంపెనీలు చెప్పిన దానికన్నా డిస్కులు ఎక్కువ పోతాయన్నదీ నిజం, పోయాయని పంపినవన్నీ పోయినవి కావన్నదీ నిజం.

స్మార్ట్ నివేదిక చదవడం

తన ఆరోగ్యాన్ని తానే గమనించుకుని లెక్క రాసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు 1990ల నుంచి డిస్కుల్లో ఉంది. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్, విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఈ లెక్కను చూపిస్తాయి. 'పాస్డ్' అన్న ఒక్క మాట చూసి తృప్తి పడకూడదు, వరసల వారీగా చదవాలి.

5వ వరస, చెడి వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క. 197వ వరస, చదవడం కుదరక తేల్చకుండా పక్కన పెట్టినవి. 198, చివరికీ చదవలేకపోయినవి. 187, సరిదిద్దలేక సిస్టంకు నివేదించిన తప్పులు. 188, గడువులోగా పూర్తికాని ఆదేశాలు. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ ఈ ఐదింటినే ప్రత్యేకంగా గమనిస్తుంది. ఆ సంస్థ 2016లో చెప్పిన లెక్క ప్రకారం, పోయిన డిస్కుల్లో 76.7 శాతానికి ఈ ఐదింటిలో కనీసం ఒకటి సున్నా దాటింది. బాగా నడుస్తున్న వాటిలో అలా దాటినవి 4.2 శాతమే. కొత్త డిస్క్‌లో ఈ ఐదూ సున్నాగానే ఉండాలి. ఒక్కటి కదిలినా వారంటీ గడువులోనే వాపసు ఇవ్వడం మంచిది.

199వ వరస వేరే రకం. కేబుల్ మీదుగా వచ్చేటప్పుడు చెడిన డేటా పొట్లాల లెక్క అది. కొత్తగా కట్టిన సర్వర్‌లో ఒక డిస్క్‌కు 199 లెక్క 40 ఉందనుకుందాం. గంటసేపు పెద్ద ఫైళ్లు కాపీ చేసి చూస్తే 95 అయింది. కేబుల్ మార్చి మళ్లీ గంటసేపు కాపీ చేస్తే 95 దగ్గరే ఆగింది. తప్పు కేబుల్‌దేనని తేలిపోయింది. ఈ లెక్క తిరిగి సున్నా కాదు, డిస్క్ ఉన్నంత కాలం అలాగే ఉంటుంది. అందువల్ల అంకె ఎంత ఉందన్నది కాదు, పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. కేబుల్ మార్చిన తేదీని, అప్పటి అంకెను రాసి పెట్టుకోకపోతే ఆర్నెల్ల తర్వాత చూసినవారు మంచి డిస్క్‌ను పారేస్తారు. సీగేట్ డిస్కుల్లో 1వ, 7వ వరసల్లో కోట్ల సంఖ్యలు కనిపించడమూ ఇలాగే బెదరగొడుతుంది. ఆ అంకెలో మొత్తం పనుల లెక్క కూడా కలిసి ఉంటుంది గనక అది తప్పుల సంఖ్య కాదు.

స్మార్ట్ అన్నీ ముందే చెబుతుందనుకోకూడదు. 2007లోనే గూగుల్ పరిశోధకులు పిన్హేరో, వెబర్, బరోసో లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో మొదటి స్కాన్ తప్పు బయటపడ్డ డిస్క్ ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటి కన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏదీ కదలకుండానే పోయిన డిస్కులు సగానికి మించి ఉన్నాయి. ప్రమాదం ఉందని స్మార్ట్ చెబితే నమ్మాలి, లేదని చెప్తే మాత్రం దాని మీదే ఆధారపడకూడదు.

కొత్త డిస్క్ పరీక్ష

డిస్క్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా పనిలో పెట్టడం కన్నా కొన్ని రోజులు ఖాళీగా శ్రమపెట్టి చూడడం మేలు. రవాణాలో తగిలిన దెబ్బలు, తయారీలో మిగిలిన లోపాలు పూర్తిగా రాసి చదివినప్పుడే బయటికొస్తాయి. ముందు స్మార్ట్ లెక్కలు రాసుకోవాలి, తర్వాత స్మార్ట్ దీర్ఘ పరీక్ష నడపాలి. 8 టెరాబైట్ల డిస్క్‌ను సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో ఒక్కసారి చదవడానికే 11 గంటలు పడుతుంది. లోపలి వలయాల్లో వేగం తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. ఆ తర్వాత లినక్స్‌లోని బ్యాడ్‌బ్లాక్స్ ప్రోగ్రాంతో నాలుగు రకాల నమూనాలు రాసి చదివించాలి. అంటే డిస్క్ మొత్తాన్ని ఎనిమిదిసార్లు దాటాలి, నాలుగైదు రోజుల పని. ఈ పరీక్ష డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది గనక ఖాళీ డిస్క్ మీదే చేయాలి. చివర స్మార్ట్ లెక్కలు మళ్లీ చూసి, ముందు రాసుకున్న వాటితో పోల్చాలి.

రెయిడ్‌లో వైఫల్యం

కొన్ని చిన్న డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతిని బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రతిపాదించారు. రెయిడ్‌లో డిస్క్ బయటికి పోవడం దాని చావుకు రుజువు కాదు. డెస్క్‌టాప్ డిస్క్‌కు ఒక సెక్టార్ చదవడం కష్టమైతే చాలాసేపు, కొన్నిసార్లు నిమిషానికి పైగా, ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి గుణమే. రెయిడ్ కంట్రోలర్ అంతసేపు ఆగదు, డిస్క్ పోయిందనుకుని పక్కన పెట్టేస్తుంది. లినక్స్ కూడా మామూలుగా 30 సెకన్లే ఎదురుచూస్తుంది. సర్వర్ రకం, నెట్‌వర్క్ నిల్వ పెట్టెల (న్యాస్) రకం డిస్కుల్లో ఈ ప్రయత్నాన్ని సాధారణంగా 7 సెకన్లకు పరిమితం చేస్తారు. రెంటికీ ధరలో తేడా ఎందుకని అడిగేవారికి ఇది ఒక సమాధానం.

రాసే పద్ధతి మరో కారణం. డేటా గాడులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు నిరంతరం రాస్తూ పోతే బాగా నెమ్మదిస్తాయి. వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరసలో కొన్ని మోడళ్లు ఈ రకానివని 2020లో బయటపడింది. వాటితో జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టం సమూహాన్ని తిరిగి కట్టబోయిన వాడకందారులకు డిస్కులు మధ్యలో జారిపోయాయి. ఆ తర్వాత తయారీదారులు ఏ మోడల్ ఏ రకమో జాబితాలు ప్రకటించారు. కొనే ముందు మోడల్ నంబరుతో సరిచూసుకోవడం ఒక్క నిమిషం పని.

సమూహంలో ఒక డిస్క్ పోయినప్పుడు తప్పు డిస్క్‌ను ఊడబీకడం ఘోరమైన ప్రమాదం. సీరియల్ నంబరును కాగితం మీద రాసి ప్రతి డిస్క్ ముందు అతికించి ఉంచితే ఈ ప్రమాదం ఉండదు. కట్టే రోజున పది నిమిషాల పని అది.

వేడి, దుమ్ము, అదురు, కరెంటు

డిస్క్ కంపెనీలు సాధారణంగా 60 డిగ్రీల దాకా పని చేయవచ్చని రాస్తాయి. గది 40 డిగ్రీలుంటే, గాలి సరిగా ఆడని పెట్టెలో పక్కపక్కనే బిగించిన డిస్కులు 55 దాటడం తేలిక. గూగుల్ అధ్యయనంలో మధ్యస్థ ఉష్ణోగ్రతల్లో వేడికీ వైఫల్యానికీ పెద్ద సంబంధం కనిపించలేదు, పాత డిస్కులు బాగా వేడెక్కినప్పుడు మాత్రం కనిపించింది. బోనకల్ వేసవి సరిగ్గా ఆ పై అంచునే తాకుతుంది. ఏసీ లేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి: డిస్కుల మధ్య ఒక గడి ఖాళీ వదలడం, వాటి మీదుగా నేరుగా వీచేలా ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టడం, రేకుల పైకప్పు కింద కాక కింది గదిలో సర్వర్ ఉంచడం, పెద్ద కాపీ పనులు రాత్రికి పెట్టడం. మంచి ఫ్యాన్ ఒకటి చాలాసార్లు పది డిగ్రీల దాకా తగ్గిస్తుంది.

పత్తి నూగు, మిర్చి దుమ్ము, ఖమ్మం గ్రానైట్ పొడి డిస్క్ లోపలికి నేరుగా వెళ్లవు. ఫ్యాన్లకు, పవర్ సప్లై జాలీలకు పట్టి గాలిని ఆపేస్తాయి. హీలియం లేని డిస్కుల మీద గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, దాని మీద స్టిక్కర్ అతికించకూడదు.

అదురు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల ముందు గట్టిగా అరిచి, ఆ క్షణంలోనే వాటి స్పందన మందగించడం గ్రాఫ్‌లో చూపించారు. 2016 సెప్టెంబరులో బుఖారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంక్ డేటా సెంటర్లో మంటలార్పే వాయువు పరీక్ష చేసినప్పుడు పుట్టిన పెద్ద శబ్దానికి డిస్కులు దెబ్బతిని బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగాయి. మిల్లు యంత్రం, జనరేటర్ ఉన్న గోడకు ఆనించి సర్వర్ పెట్టకూడదు. డిస్కులను నాలుగు స్క్రూలతో, రబ్బరు వాషర్లతో బిగించాలి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికీ 24 గంటల సరఫరా మొదలైంది. అయినా ఈదురుగాలికి, పిడుగుకు, అడవి అంచున తీగల మీద పడే కొమ్మలకు ట్రిప్ కావడం పూర్తిగా పోదు. రాస్తుండగా కరెంటు పోతే డిస్క్ చెడకపోవచ్చు గానీ, దాని మీది ఫైల్ సిస్టం చెడుతుంది. పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణంలో ఎగసే వోల్టేజీ బోర్డుకు ముప్పు. అందువల్ల యూపీఎస్ తప్పనిసరి. బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను సక్రమంగా ఆగేలా యూఎస్‌బీ తీగతో కలపాలి. ఎర్తింగ్ లేని ప్లగ్గులో సర్వర్ పెట్టడం అంటే డేటాను పణంగా పెట్టడమే. వేసవికి ముందు ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోయించడం ఇక్కడి ఎలక్ట్రీషియన్లు మరవని పని, సర్వర్ యజమానులూ మరవకూడదు.

డేటా కాపాడుకోవడం

డిస్క్ చెడుతోందని తెలిసిన వెంటనే దాని మీద రాయడం ఆపాలి. మరమ్మతు ప్రోగ్రాములు నడపకూడదు. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తం ప్రతిని మరో డిస్క్ మీదికి తీయాలి. అది తేలిగ్గా చదివే భాగాలను ముందు తీసి, మొండికేసే భాగాలను చివరికి వదులుతుంది, ఎక్కడ ఆగిందో గుర్తు రాసుకుంటుంది గనక కరెంటు పోయినా అక్కడి నుంచే సాగించవచ్చు. మరమ్మతు ప్రయత్నాలన్నీ ఆ ప్రతి మీదే చేయాలి. ఫ్రిజ్‌లో పెట్టడం, చేత్తో తట్టడం, మూత విప్పడం వంటివి చేయకూడదు. ఫ్రిజ్ నుంచి తీసిన డిస్క్‌లో చేరే తేమ, మూత తీసిన గదిలోని దుమ్ము మిగిలిన ఆశను కూడా తుడిచేస్తాయి. హెడ్లు పోతే దుమ్ము లేని ప్రత్యేక గది ఉన్నవారే చేయగల పని.

రెయిడ్ ఉంది కదా అని వేరే ప్రతి ఉంచనివారు చాలామంది. పొరపాటున చెరిపిన ఫైల్, రాన్సమ్‌వేర్, పిడుగు – ఇవి రెయిడ్‌లోని డిస్కులన్నిటినీ ఒకేసారి దెబ్బతీస్తాయి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం ఇక్కడి స్టూడియోలకు అచ్చంగా సరిపోతుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మళ్లీ జరగని పెళ్లి, మళ్లీ తీయలేని ముసలివారి ముఖం ఆ డిస్కుల్లో ఉంటాయి. వాటిని పోగొట్టుకున్న కుటుంబానికి ఏ వారంటీ ఏమీ తిరిగి ఇవ్వదు.

తెలుగు నేల మీద పెద్ద నిల్వలు

 2007లో మొదలైన కంట్రోల్‌ఎస్ హైదరాబాద్‌లో డేటా సెంటర్లు నడుపుతోంది. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. విశాఖపట్నంలో భారీ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇంత పెద్ద కేంద్రాల్లో డిస్క్ పోవడం నిత్యకృత్యం. ఒక డిస్క్ పోతే సేవ ఆగకుండా అంతా ముందే అమర్చి ఉంటుంది.

ప్రతుల విలువ చెప్పే తెలుగు ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి నాయకత్వంలో సాగిన పుస్తకాల స్కానింగ్ ఉద్యమంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రధాన భాగస్వామి. వేల తెలుగు పుస్తకాలు అలా డిస్కుల మీదికి చేరాయి. మూల వెబ్‌సైట్ అందుబాటులో లేకుండా పోయిన తర్వాత కూడా ఆ పుస్తకాల్లో ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే, అందరికీ సమాచారం అందాలని పనిచేసే కార్ల్ మలముద్ వంటివారు వాటి ప్రతులను అక్కడికి చేర్చడమే కారణం.

కొనుగోలు, వారంటీ, పారవేత

డెస్క్‌టాప్ డిస్కులకు సాధారణంగా రెండేళ్లు, న్యాస్ రకాలకు మూడేళ్లు, సర్వర్ రకాలకు ఐదేళ్ల వారంటీ ఉంటుంది. సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో సరిచూసి, భారత్‌లో వారంటీ చెల్లుతుందో లేదో కొనే ముందే తెలుసుకోవాలి. 2025 మొదట్లో జర్మనీలో వాడిన సీగేట్ డిస్కులను స్మార్ట్ లెక్కలు సున్నా చేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. డిస్క్ లోపల ఫార్మ్ అనే వేరే చిట్టాలో మిగిలిన గంటల లెక్క దాన్ని పట్టించింది. కొత్త సీగేట్ డిస్క్ రాగానే స్మార్ట్, ఫార్మ్ లెక్కలు రెండూ పోల్చడం మంచి అలవాటు. ఒకే సర్వర్‌కు ఒకే రోజు, ఒకే బ్యాచ్ డిస్కులు కాక వేర్వేరు బ్యాచ్‌ల నుంచి కొంటే అన్నీ ఒకేసారి జబ్బు పడే ముప్పు తగ్గుతుంది.

వాపసు పంపే డిస్క్‌లో ఖాతాదారుల ఆధార్ ప్రతులు, బ్యాంకు కాగితాలు ఉంటే ముందు పూర్తిగా చెరపాలి. చెరపడానికి డిస్క్ సహకరించకపోతే వారంటీ వదులుకుని నాశనం చేయడమే బాధ్యత. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత డిస్కులను నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి.

బోనకల్ వంటి చోట సర్వర్ కట్టేవారు మొదటి రోజే సమకూర్చుకోవాల్సిన సామాను పెద్దదేమీ కాదు: లాకులున్న రెండు కొత్త సాటా కేబుళ్లు, బాగా పని చేస్తుందని తెలిసిన ఒక పవర్ సప్లై, డిస్క్‌ను బయట తగిలించి చూసే యూఎస్‌బీ డాక్, పరీక్షించి పక్కన పెట్టిన ఒక అదనపు డిస్క్, ప్రతి మార్పునూ తేదీతో రాసే ఒక నోటు పుస్తకం. ఇవి చేతిలో ఉంటే తప్పు ఎక్కడుందో తేల్చడం చాలాసార్లు ఒక పూట పని. లేకపోతే ఖమ్మానికి ఒకసారి, సికింద్రాబాద్‌కు ఒకసారి తిరిగి, చివరికి వంద రూపాయల కేబుల్ కోసం వేల రూపాయల డిస్క్ మార్చాల్సి వస్తుంది.